చేపనూనె గోలీకి దొంగ హాజరు

మనుషులు ఇల్లు పోగొట్టుకోవడానికి రకరకాల కారణాలుంటాయి. పేకాట, కోర్టు తగువులు, తుఫాను. నేను మాత్రం మూడు కిటికీలూ ఒక బాల్కనీ ఉన్న కంపెనీ క్వార్టరుని గుంజీ తియ్యలేక పోగొట్టుకున్నాను. అదీ పది గుంజీలు కాదు, ఒకే ఒక్క గుంజీ. నమ్మకపోతే మా ఆవిడ వరాలుని అడగండి. అడక్కపోయినా చెబుతుంది. మీరు వెళ్లొస్తానని చెప్పులు తొడుక్కున్నా ఆపి మరీ చెబుతుంది.

అవి ఎనభైల్లో, ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజులు. నేనక్కడ టైమాఫీసులో టైంకీపర్ని. అంటే, పనిలోకి వచ్చినవాడు వచ్చినట్టూ రానివాడు రానట్టూ కాగితం మీద కనిపించేలా చూడడం నా ఉద్యోగం. ఒకడి హాజరు కార్డు ఇంకొకడు గడియారం మిషన్లో గుద్దితే దాన్ని దొంగ హాజరంటారు. దాన్ని పట్టుకోవడంలో నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఎంత గట్టి నమ్మకమంటే, వరాలు సొంత అన్నయ్య అప్పన్నని కూడా వదల్లేదు.

అప్పన్న క్రేను ఆపరేటరు. నాకు బావ. మా వైపు మగాళ్లందరూ ఒకరికొకరు బావలే గానీ, ఈయన నిజం బావ. ఒకరోజు తన జతగాడి కార్డు కూడా తనే గుద్దుతూ నా కంట పడ్డాడు.

"ఆడి పెళ్లానికి నొప్పులొచ్చాయి బావా. ఆస్పత్రికి అట్టుకెల్లాడు. ఒక్కరోజు సూసీసూడనట్టు ఒగ్గీ" అన్నాడు.

"రిజిస్టరంటే రిజిస్టరే బావా. మనిషి కళ్లెదురుగా నిలబడితేనే హాజరు" అన్నాను, నేనేదో హైకోర్టు జడ్జీనైనట్టు.

మెమో రాసిచ్చాను. అప్పన్న దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "సరే బావా, ఈ మాట గురుతెట్టుకో" అన్నాడు. మీరు కూడా గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

నేను రెండేళ్లుగా రాత్రి డ్యూటీయే చేస్తున్నాను. రాత్రిపూట పై ఆఫీసర్లుండరు, ఎవరూ కేకలెయ్యరు. అందుకని పగటి డ్యూటీ పడ్డప్పుడల్లా ఎవరో ఒకరితో మ్యూచువల్ రాసుకుని, వాళ్ల రాత్రి నేను తీసుకుని నా పగలు వాళ్లకిచ్చేసేవాణ్ణి. పొద్దెక్కకుండా షిఫ్టు బస్సులో కూర్మన్నపాలెం చేరేవాణ్ణి. అక్కడ మాది ఒకటే గది. మూడు వైపులా పక్కిళ్ల గోడలు, నాలుగోవైపు తలుపు, కిటికీ అన్న మాట లేదు. తలుపేసుకుని సాయంత్రం దాకా పడుకుని, పొద్దు గుంకాక మళ్లీ బస్సెక్కేవాణ్ణి. సూర్యుడికీ నాకూ కూడా మ్యూచువల్ కుదిరిపోయింది. పగళ్లన్నీ ఆయనకి, రాత్రులన్నీ నాకు.

ఆ ఏర్పాటు నా ఎముకలకి నచ్చలేదు. మొదట నడుం పట్టేసింది. తరువాత తొడల్లో సత్తువ పోయింది. కూర్చుంటే లేవలేను. దొడ్లో కూర్చున్న ప్రతిసారీ నీళ్ల కుళాయి పట్టుకుని పైకి లేవడం అలవాటైంది. ఒకరోజు ఆ కుళాయి ఊడి నా చేతిలోకి వచ్చేసింది. నేను కింద, కుళాయి చేతిలో, నీళ్లు నెత్తిమీద. బయట మా ఇంటి ఓనరు అరుపులు.

"ఏటయ్యా సన్యాసిరావూ, లోపల ఈత నేర్సుకుంతన్నావా?"

"నీళ్లు ఆపండి బాబూ, ఆనక తిట్టుదురు గానీ!" అన్నాను.

మర్నాడు వరాలు నన్ను ఆస్పత్రికి లాక్కుపోయింది. అక్కడ కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ ఉండేది. సన్నగా, గట్టిగా, కళ్లజోడు పైనుంచి చూసే మనిషి.

"ఏదీ, గొంతుక్కూర్చుని లేవండి" అంది.

కూర్చోవడం బ్రహ్మాండంగా కూర్చున్నాను. లేవడం మాత్రం కాంపౌండరు ఒక రెక్క, వరాలు ఇంకో రెక్క పట్టుకుంటే జరిగింది.

"మీరు ఎండ చూసి ఎన్నాళ్లైంది?"

బాగా ఆలోచించాను. "మా పెళ్లికి చూశానండి."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఒంటికి ఎండ తగిలితే చర్మంలో డి విటమిను తయారవుతుందనీ, అది లేకపోతే తిన్న తిండిలోని సున్నం ఎముకకి పట్టదనీ, ఎముకలు మెత్తబడి కండలు సడలిపోతాయనీ ఓపిగ్గా చెప్పింది. ఒక సీసా బల్లమీద పెట్టింది. అందులో పసుప్పచ్చగా, తేనెచుక్కల్లా మెరుస్తున్న చేపనూనె గోలీలు.

"రోజుకొకటి. అన్నం తిన్నాక. ఒకరోజు మానేసి మర్నాడు రెండెయ్యడం లాంటి తెలివితేటలు వద్దు. పొద్దున్నే కాసేపు ఎండలో నిలబడండి. మూడు నెలల తరువాత మీ పర్మనెంటు ఉద్యోగానికి మెడికల్ పరీక్ష నేనే చేస్తాను. అప్పటికి ఏదీ పట్టుకోకుండా పది గుంజీలు తియ్యాలి. తియ్యలేకపోతే నేను సంతకం పెట్టను."

వరాలు వైపు తిరిగి ఇంకో సీసా ఇచ్చింది. "నువ్వు కూడా ఆ చీకటి గదిలోనేగా ఉండేది? రోజూ ఒకటి వేసుకో."

"నాకే నొప్పీ నేదండి" అంది వరాలు.

"రాకుండా ఉండడానికేనమ్మా."

ఆ మాట వరాలుకి ఎంత నచ్చిందో! దారంతా అదే తలుచుకుంది. "సూసేవా, రాకముందే ఆపీడానికి కూడా మందున్నాదట!"

ఇక్కడ ఉద్యోగం సంగతి కొంచెం చెప్పాలి. పర్మనెంటు అయితేనే ఉక్కునగరంలో క్వార్టరు. క్వార్టర్ల జాబితాలో నా పేరు పైనే ఉంది. అప్పన్నది నా కిందే. మెడికల్ అయితే తాళం చేతికొస్తుంది. వరాలు వాళ్లన్నతో వెళ్లి, అప్పుడే సున్నాలేస్తున్న ఆ క్వార్టరుని ముందే చూసొచ్చింది.

"మూడు కిటికీలు! ఎనకాల బాల్కనీ! గదిలో కూకుంటే ఎండ వచ్చి ఒళ్లో పడతాది" అంది. కిటికీల కొలత మూరలతో కొలుచుకొచ్చింది. తన పాత ఆకుపచ్చ చీర ఒకటి కోసి మూడు కర్టెన్లు చేతికుట్టు కుట్టి, మడతపెట్టి ట్రంకుపెట్టెలో పెట్టింది. ఆ కిటికీ లేని గదిలో, లైటు వెలుగులో, కర్టెన్లు కుడుతున్న మనిషిని చూస్తుంటే నాకు మనసు ఎలాగో అయిపోయేది. ఎలాగైనా ఆ ఇల్లు సంపాదించి ఇవ్వాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. మధ్యలో నా తెలివి అడ్డొచ్చింది.

ఆఫీసు నుంచి రెండు హాజరు కార్డులు తెచ్చి గోడకి మేకు కొట్టి వేలాడదీశాను. పైన ఒక కార్డుకి 'వరాలమ్మ', ఇంకోదానికి 'సన్యాసిరావు'. పక్కన దారం కట్టిన పెన్సిలు. గోలీ మింగిన రోజుకి టిక్కు. వరాలు అన్నం తిని, గోలీ మింగి, చెయ్యి కడుక్కుని, భక్తిగా టిక్కు పెట్టేది.

నేను నాలుగు రోజులు మింగాను. అయిదోరోజు నుంచి తేన్పులు మొదలయ్యాయి. మీరు అనుకోవచ్చు, సముద్రం చేరువలో పరవాడ దగ్గర పుట్టినవాడివి, చేప వాసన నీకు కొత్తా అని. చేపలు పులుసులో తింటాను, వేపుడు తింటాను, ఎండబెట్టింది కూడా వదలను. కానీ వంకాయ కూర తిని సొరచేప తేన్చడం ఏం న్యాయమండీ? బస్సులో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

అందుకని, "ఇక నుంచి డ్యూటీలో అన్నం తిన్నాక మింగుతానులే" అని చెప్పి సీసా ఆఫీసుకి పట్టుకుపోయాను. అక్కడ డ్రాయరులో పెట్టి తాళం వేశాను. రేపు మొదలుపెడదాం అనుకున్నాను. రేపు కూడా అదే అనుకున్నాను. ఇంటికి రాగానే వరాలు అడిగేది.

"మింగీసావా?"

"కార్డు చూడు" అని టిక్కు పెట్టేవాణ్ణి.

కార్డు చూసి తృప్తిగా తలూపేది. టైమాఫీసు మొగుడు టిక్కు పెట్టాడంటే అది బ్రహ్మ రాత కన్నా ఖాయమని ఆమె నమ్మకం. రోజూ పెన్సిలు పట్టుకోవడం కూడా బద్ధకమై, సోమవారం పొద్దున్నే వారం మొత్తానికి టిక్కులు పెట్టేసేవాణ్ణి. ఎండ సంగతి అడిగితే, బస్సు దిగి వస్తూ తగిలించుకున్నానని చెప్పేవాణ్ణి. మెమోలు రాసే పెద్దమనిషిని!

నెలకో సీసా చొప్పున ఆస్పత్రికెళ్లి వినయంగా తెచ్చుకున్నాను. మూడు సీసాలూ డ్రాయరులో వరసగా నిలబడి నన్ను చూస్తుండేవి. అలా చూస్తుండగానే పరీక్ష రోజు వచ్చేసింది.

పరీక్ష పొద్దున పది గంటలకి. డ్యూటీ దిగుతూ డ్రాయరు తీశాను. అప్పుడు నాకొచ్చిన ఆలోచన టైంకీపరు తప్ప లోకంలో ఇంకెవడికీ రాదు. నెలాఖరుకి రిజిస్టరులో ఖాళీ గళ్లుంటే మేమేం చేస్తాం? ఒక పూట కూర్చుని బకాయి అంతా పూర్తి చేస్తాం. మరి గోలీల బకాయికి మాత్రం వేరే రూలెందుకు? డాక్టరమ్మ వద్దన్న తెలివితేటలు సరిగ్గా ఇవేనని గుర్తొచ్చింది. అయితే ఆవిడ వద్దన్నది రెండు. నేను వెయ్యబోయేది రెండు కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బస్సులో కూర్చుని, నీళ్ల సీసా దగ్గర పెట్టుకుని లెక్కపెడుతూ మింగాను. ఇరవై నాలుగు దాకా వెళ్లింది. ఇరవై అయిదోది గొంతు దగ్గరే ఆగి, లోపల చోటు లేదని తిరిగొచ్చేసింది.

ఆస్పత్రి వరండాలో అప్పన్న, వరాలు నాకోసం చూస్తున్నారు. ఆరోజు అప్పన్నకి కూడా పరీక్ష. వరాలు తలకి నూనె రాసుకుని, పువ్వులు పెట్టుకుని, సంచీలో నా హాజరు కార్డు పట్టుకొచ్చింది. మూడు నెలలవీ దారంతో కుట్టి మరీ తెచ్చింది.

"డాక్టరమ్మగారికి సూపిత్తాను. ఇలగ ఎవులు మింగుతారు?" అంది గర్వంగా.

నాకు తేన్పు వచ్చింది. వరసలో నా ముందున్నవాడు వెనక్కి తిరిగి చూసి నాలుగడుగులు జరిగాడు. రెండో తేన్పుకి వెనకవాడు జరిగాడు. మూడోదానికి క్యాంటీను పిల్లి వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుని, ఆశగా పైకి చూసింది.

"ఏటి బావా, పొద్దున్నే సేపలు తిన్నావేటి?" అన్నాడు అప్పన్న.

"మందు ఒంటికి పట్టింది బావా" అన్నాను.

నన్నూ అప్పన్ననీ కలిపే లోపలికి పిలిచారు. వరాలు కార్డులు బల్లమీద పెట్టింది. డాక్టరమ్మ తిరగేసి చూసింది. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఆమె ముఖం వికసించింది.

"సన్యాసిరావు గారూ, నా సర్వీసులో ఇంత శ్రద్ధగా మందు వేసుకున్న మనిషిని చూడలేదు. ఈ కార్డులు నాకివ్వండి, మిగతావాళ్లకి చూపిస్తాను."

"అయ్యో, అంత మాటెందుకండీ" అన్నాను సిగ్గుపడుతూ.

"ఏదీ, పది గుంజీలు తియ్యండి."

కూర్చున్నాను. కిందనుంచి చూస్తే అందరూ చాలా ఎత్తుగా కనిపిస్తున్నారు. లేవబోయాను. తొడలు నావి కానట్టే ఉన్నాయి. మళ్లీ లేవబోయాను. లేచింది మాత్రం తేన్పు. అదీ మామూలుగా కాదు, హార్బరులో పడవలన్నీ ఒకేసారి గదిలోకి వచ్చినట్టు.

డాక్టరమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఈ రోజు ఎన్ని వేసుకున్నారు?"

"కార్డులో ఉన్నట్టేనండి."

అప్పన్న వంగి కార్డు చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. గోడ మీద క్యాలెండరు చూశాడు. మళ్లీ కార్డు చూశాడు. అతని మీసం కింద నవ్వు మెల్లిగా బయలుదేరడం నేను కిందనుంచి స్పష్టంగా చూశాను.

"బావా, ఈరోజు ఏటి వారం?"

"బుధవారం" అన్నాను.

"మరి గురువారం, శుక్రవారం, శనివారం, ఆదివారం కూడా టిక్కులున్నాయేటి? మనిసి కళ్లెదురుగా నిలబడితేనే హాజరన్నావు. మా ఓడు పెళ్లాన్ని ఆస్పత్రికి అట్టుకెల్తే మెమో రాసీసావు. నువ్వేటి, రేపటి హాజరు కూడా ఇయ్యాలే ఏసీసుకున్నావు?"

వరాలు నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

"నిజం చెప్పండి. అసలు మూడు నెలల్లో ఎన్ని?" అంది డాక్టరమ్మ.

"మొదట్లో నాలుగండి."

"తరువాత?"

"ఈ పొద్దున్న ఇరవై నాలుగండి."

"ఇరవై నాలుగా! ఇదేమన్నా ఓవర్‌టైమా? నెల తిండి ఒక్కపూట తింటారా మీరు? ఇది రోజూ ఇంత అని ఒంటికి అందాల్సింది. మానేస్తే పట్టదు, మితిమీరితే విషం!"

ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది. ఈలోగా నా కడుపులో ఇరవై నాలుగు గోలీలూ ఒక నిర్ణయానికొచ్చాయి. పరుగెత్తాల్సిన అవసరం వచ్చింది. పరుగెత్తాలంటే ముందు లేవాలి కదండీ! లేవలేను. ఆగలేను. "బావా!" అని ఒక్క కేక వేశాను. ఎంతైనా అప్పన్న మంచివాడు. మెమో సంగతి పక్కనపెట్టి, నన్ను గొంతుక్కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే రెండు చేతులా ఎత్తి, వరండా పొడుగునా పరుగెత్తాడు. వరసలో ఉన్నవాళ్లంతా దారిచ్చారు. పిల్లి మాత్రం తలుపు దాకా వెంటొచ్చింది.

నేను నీరసంగా తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ వరాలుని గుంజీలు తియ్యమంది. వరాలు కొంగు బిగించి పది తీసింది. ఇంకో రెండు ఊరికే తీసింది.

"ఫిట్" అంది డాక్టరమ్మ. "సన్యాసిరావు గారూ, ఆ ఉద్యోగం మీ ఆవిడకి ఇప్పించమంటారా?"

నా కాగితం మీద 'మూడు నెలల తరువాత మళ్లీ' అని రాసింది. మూడు కిటికీల క్వార్టరు జాబితాలో నా కిందవాడికి వెళ్లిపోయింది. నా కిందవాడు అప్పన్న.

ఆ సాయంత్రం ఇంటికెళ్లాక వరాలు ట్రంకుపెట్టె తెరిచి కర్టెన్లు తీసింది. వాళ్లన్నకి ఇచ్చేస్తుందనుకున్నాను. స్టూలెక్కి, మేకులు కొట్టి, కిటికీ లేని ఆ గోడకి మూడింటినీ వరసగా కట్టింది. కట్టి, దిగి, దూరంగా నిలబడి చూసుకుంది.

"వరాలూ, అక్కడ కిటికీ లేదు కదా" అన్నాను.

"నీ టిక్కుల్లో గోలీలున్నాయేటి?" అంది.

నేను బతుకులో చాలామందికి మెమోలిచ్చాను గానీ, అంత పొట్టి మెమో ఎవరికీ రాయలేదు. నాకు ఏడుపొచ్చింది. మూడు నెలలపాటు ఆ పిల్ల నన్ను నమ్మింది. కార్డుని కాదు, నన్ను. అది అర్థమయ్యాక ఆ ఆకుపచ్చ కర్టెన్ల వైపు తలెత్తి చూడలేకపోయాను.

మర్నాటి నుంచి పరిపాలన మారింది. గోడమీద కొత్త కార్డులు పడ్డాయి గానీ పెన్సిలు మాయమైంది. నేను రాత్రి మ్యూచువల్స్ మానేసి అందరిలాగే పగటి షిఫ్టులు కూడా చేశాను. సూర్యుడు మొదట్లో నన్ను గుర్తుపట్టలేదు. తీరిక ఉన్న పొద్దుటిపూట వరాలు నన్ను అప్పన్న బాల్కనీకి తీసుకుపోయి, బనీను విప్పించి, బట్టలారేసిన తీగ పక్కన ఎండలో నిలబెట్టేది.

"రా బావా, నీ క్వార్టరే అనుకో" అనేవాడు అప్పన్న, ఉప్మా తింటూ. అంత ప్రేమగా పొడిచే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇంట్లో అన్నం తింటుంటే వరాలు ఎదురుగా నిలబడేది.

"నోరు తెరు. నాలిక ఎత్తు. మింగు. మల్లీ నోరు తెరు."

అన్నం మధ్యలో మింగితే తేన్పులు రావని కూడా ఆమే కనిపెట్టింది. ముందే అడిగితే ముందే చెప్పేదట.

మూడు నెలలు గడిచాయి. నేను పది గుంజీలు తీశాను. పదకొండోది ఉత్సాహం కొద్దీ తీశాను. డాక్టరమ్మ పెన్ను తీసింది గానీ, అనుమానం తీరలేదు. "కార్డు ఏదీ?"

వరాలు సంచీలోంచి తీసి ఇచ్చింది. ఖాళీ. మొదటి తారీఖు నుంచి చివరి తారీఖు దాకా ఒక్క టిక్కు లేదు. టైంకీపరుగా నా గుండె కలుక్కుమంది.

"ఇదేమిటమ్మా, ఏమీ లేదు?"

"మింగినప్పుడు రాసుకోడమెందుకండీ?" అంది వరాలు. "మింగనప్పుడైతే రాసుకోవాల."

డాక్టరమ్మ నవ్వుతూనే సంతకం పెట్టింది. తరువాత రెండు వారాలకి మాకు కూడా క్వార్టరొచ్చింది. దానికి కిటికీలు నాలుగు. కర్టెన్లు మూడే. నాలుగో కిటికీకి వరాలు ఇంకో కర్టెను కుట్టలేదు. రెక్కలు బార్లా తీసి, అక్కడే పొద్దున్నే నన్ను నిలబెట్టేది.

ఇప్పుడు రిటైరయ్యాను. డాక్టర్లు మారారు, గోలీల రంగు మారింది. వరాలు మాత్రం మారలేదు. ఈ కథంతా రాసి, కింద యావన్మంది పాఠకుల సమక్షంలో ఒక ప్రమాణం కూడా రాశాను. 'సన్యాసిరావు అను నేను, ఒంట్లో ప్రాణం ఉన్నంతవరకు, రోజు గోలీ రోజే మింగుతాననీ, బకాయి పెట్టననీ, పెట్టిన బకాయి ఒక్క పూటలో తీర్చననీ, రేపటి హాజరు ఈ రోజు వేసుకోననీ మనఃపూర్వకంగా ప్రమాణం చేస్తున్నాను.' కింద సంతకం పెట్టబోతుంటే వరాలు వచ్చి చేతిలోంచి పెన్ను లాగేసుకుంది.

"సంతకం ఆనక" అంది. "ముందు నోరు తెరు."